మంత్రసానుల మనోభారము

మంత్రసానితనమున కొప్పుకొన్న పిమ్మట బిడ్డ వచ్చినను పట్టవలయును, గడ్డ వచ్చినను పట్టవలయును అని మనవారి సామెత. ఊరి పెత్తనము మొదలు సంఘముల కార్యదర్శిత్వము వఱకు ఏ బరువును నెత్తి కెత్తుకొన్నవానికైనను, చిక్కు వచ్చినపుడు ఈ మాట వినిపించి నవ్వుట మన యలవాటు. నవ్వినవారిలో సామెత పుట్టిన పురిటిగది వఱకు పోయి చూచినవారు మిక్కిలి యరుదు. గడ్డను పట్టిన యా చేతులు ఆ రాత్రి యిల్లు చేరి అన్నము కలుపుకొనగలిగినవో లేదో, తెల్లవారి మఱియొక గడపనుండి పిలుపు రాగా వణకకుండ పోగలిగినవో లేదో సామెత చెప్పదు. ఆమె యొప్పుకొన్నది గదా యని యంతటితో విడిచిపెట్టినది. మనమును నేటివఱకు అట్లే విడిచిపెట్టియున్నాము. కష్టమైన కాన్పులు చేయు స్త్రీల మనస్సుపై పడు భారమును గుఱించి నేడు పాఠకులకు కొంత విన్నవింపదలచితిమి.

మంత్రసాని యను పేరును మేమిచట విశాలార్థమున వాడుచున్నాము. పల్లెలలో తరతరములుగ పురుళ్ళు పోసిన ముదుసలులు నేడు దాదాపు కనుమఱుగైరి. వారి స్థానమున ఉపకేంద్రములందు ఏ.ఎన్.ఎం.లును, ఆసుపత్రుల ప్రసవశాలలందు స్టాఫు నర్సులును, ఇటీవల ప్రత్యేకశిక్షణ పొందిన మిడ్‌వైఫులును ఈ పని చేయుచున్నారు. జనులు వీరి నందఱిని నర్సమ్మ యనియో సిస్టరు అనియో పిలుతురు. పేరేదైనను పని యొక్కటియే.

ఈ పని ఫలించిన తీరు సామాన్యమైనది కాదు. 1946లో భోర్ సంఘము తన నివేదికను సమర్పించిన నాటికి, మన దేశమున సజీవముగ పుట్టిన ప్రతి వేయిమంది శిశువులకు సుమారు ఇరువదిమంది తల్లులు మరణించుచుండిరి. ఏటేట సుమారు రెండు లక్షలమంది స్త్రీలు గర్భప్రసవ సంబంధమైన కారణములచేత చనిపోవుచుండిరని ఆ సంఘము అంచనా వేసినది. శిక్షణ పొందిన మంత్రసానులు నాడు దేశమంతటికిని అయిదు వేలకు మించలేదు. 2018–20 సంవత్సరముల లెక్కల ప్రకారము లక్ష జననములకు మాతృమరణములు దేశమున 97, ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమును బట్టి తెలంగాణమున నూటికి 97, ఆంధ్రప్రదేశమున నూటికి 96కు పైగా కాన్పులు వైద్యశాలలలోనే జరిగినవి. రక్తనిధులకును, మందులకును, రోడ్లకును, 2005లో హైదరాబాదున ఆరంభమైన 108 బండ్లకును ఇందు పాలు కలదు. వైద్యుల పాలు చెప్పనక్కఱలేదు. ఐనను బండి దిగిన చూలాలి చేయి పట్టుకొని లోనికి తీసికొనిపోయి, తెల్లవార్లు ఆమె ప్రక్కన నిలిచినది నర్సు. లెక్కలు ప్రకటింపబడిన దినమున ఆమె పేరు ఏ సభలోను వినబడదు.

ఇచ్చటనే మన మంతగా గమనింపని మార్పొకటి జరిగినది. పూర్వపు మంత్రసాని తన యూరి కాన్పుల నన్నిటిని చూచెడిది. వానిలో పెక్కులు సుఖప్రసవములు. ఎప్పుడో యొక విపత్తు తటస్థించినను, నడుమ వచ్చు శుభములు ఆమె మనస్సును తిరిగి నిలబెట్టెడివి; తాను బొడ్డు కోసిన బిడ్డలు వీథిలో ఆడుకొనుచుండగా ఆమె దినదినము చూచుచుండెడిది. నేటి యేర్పాటు వేఱు. ప్రాథమికారోగ్యకేంద్రము తనకు మించినదానిని ఏరియా ఆసుపత్రికి పంపును. అది జిల్లా ఆసుపత్రికి పంపును. అచ్చటనుండి గుంటూరు, కాకినాడ, విశాఖపట్టణము, కర్నూలు, వరంగల్లు, హైదరాబాదు నగరముల పెద్దాసుపత్రులకు పంపుదురు. ఈ జల్లెడ మంచిదే. దీనివలననే ప్రాణములు నిలుచుచున్నవి. కాని జల్లెడలో మిగిలిన కష్టములన్నియు ఒక గదిలో, ఒకే రాత్రి, కొలదిమంది స్త్రీల చేతులలో పడుచున్నవి. పది మండలముల దుఃఖమును ఒక్క డ్యూటీలో చూచు స్త్రీకి ఆ మండలముల సంతోషము కంటబడదు. బ్రదికి బయటపడిన తల్లి కొన్నిదినములకు తన యూరికి పోవును. ఆ బిడ్డ నడక నేర్చుటను నర్సు చూడదు. చనిపోయినవారి మొగములే ఆమె దగ్గర మిగులుచున్నవి.

గుఱ్ఱపువాతమునే తీసికొందము. నెలలు నిండకమునుపే బీ.పీ. పెరిగి, మొగము కాళ్ళు వాచి, తలనొప్పితో కన్నులు మసకలు క్రమ్మిన చూలాలికి ఏ నిముసమున మూర్ఛ వచ్చునో తెలియదు. అట్టిదానికి మెగ్నీషియం సల్ఫేటు ఇత్తురు. ఆ మందు ప్రాణదాయకము. మోతాదు మించిన ఊపిరినే బంధింపగలది. కావున నర్సు మాటిమాటికి మోకాటి చిప్పక్రింద తట్టి కాలు కదలునో లేదో చూడవలెను, ఊపిరులు లెక్కింపవలెను, మూత్రమెంత వచ్చినదో కొలువవలెను, నడుమ శిశువు గుండెచప్పుడు వినవలెను. ఇవి చేతులు చేయు పనులు. నోరు చేయవలసిన పని వేఱొకటి కలదు. "నాకేమి కాదు గదా అక్కా?" అని ఆ చిన్నది అడుగును. తాను ఎఱిగినదంతయు మొగమున కానరానీయక "ఏమి కాదమ్మా, నే నిక్కడనే యున్నాను" అని చెప్పవలెను. చెప్పుచున్న మాట నిజమగునో కాదో చెప్పుచున్నదానికే తెలియదు. తలుపు తీసినపుడెల్ల వరండాలోని తల్లియు అత్తయు లేచి నిలుచుందురు. "పెద్దప్రాణము దక్కిన చాలు తల్లీ, నీకు పుణ్యముండును" అని చేతులు పట్టుకొందురు. ఆ చేతులను విడిపించుకొని మరల లోనికి పోవలెను.

జీతమునకై మొగమున నవ్వును కంఠమున శాంతమును నిలుపుటయు ఒక శ్రమయే యని 1983లో అమెరికా సాంఘికశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షీల్డు గ్రంథమొకటి వ్రాసి నిరూపించెను. ఆమె ముఖ్యముగ విమానములలోని పరిచారికలను పరిశీలించినది. విమానపరిచారికకు ప్రయాణము ముగియు గడియ ముందే తెలియును. నొప్పుల గదిలోని స్త్రీకి అదియును తెలియదు.

అంతకంటె కఠినమైన ఘట్టము మఱొకటి కలదు. కడుపులోనే బిడ్డ చనిపోయినను కాన్పు తప్పదు. మందిచ్చి నొప్పులు తెప్పించి, గంటలకొలది ఆ తల్లిని కనిపెట్టుకొనియుండవలెను. సామాన్యమైన కాన్పులో నర్సు చెప్పు ధైర్యవచనములన్నియు రాబోవు బిడ్డను చూపి చెప్పునవియే. ఇంకొక్కసారి తల్లీ, బిడ్డ వచ్చుచున్నది అనునదే ఆ గది భాష. ఇచట ఆ భాష పనికిరాదు. వేఱొక భాషను ఆమెకు నేర్పినవారెవరు? శిక్షణలో దీనికి కేటాయించిన గంటలెన్ని? తుదకు బిడ్డ వెలువడును. ఏడుపు వినబడదు. ఆ శిశువును తుడిచి గుడ్డలో చుట్టి, తల్లికి చూపవలెనో వలదో తేల్చుకొనవలసిన క్షణము వచ్చును. మన యిండ్లలో పెద్దలు తఱచుగ చూపవలదనియే యందురు. "పిల్లకు చెప్పకమ్మా, బిడ్డను వేఱే గదిలో అద్దాలపెట్టెలో ఉంచినారని చెప్పు" అని నర్సునే బ్రతిమాలుదురు. ప్రేమచేతనే యడుగుదురు. కాని ఆ యబద్ధమును మోయవలసినది నర్సు. పాలు చేపి రొమ్ములు గట్టిపడిన తల్లి కొన్నాళ్ళకు "నా బిడ్డకు పాలెవ రిచ్చుచున్నారక్కా?" అని యడిగినపుడు ఎదుట నిలువవలసినదియు నర్సే.

ఇంతలో తెర కావలి మంచముమీద మఱొకతె కనును, బిడ్డ కేకపెట్టును. చేతులు కడుగుకొని, తెర దాటి, నవ్వుమొగముతో "మహాలక్ష్మి పుట్టినదమ్మా" అని చెప్పవలసినది ఆ నర్సే. (ఆ మాట విని వరండాలో కొన్ని ముఖములు వాడుటయు ఆమె చూడవలసినదే.) తెర కీవలకు ఆవలకు రెండడుగుల దూరము. ఆ రెండడుగులలో ఏడ్చుటకు వ్యవధి లేదు.

మన జనులకు హస్తవాసియందు నమ్మకము మెండు. ఫలానా నర్సమ్మ చేయి చలువయని, ఆమె డ్యూటీలో ఉన్నపుడే చేర్పింపవలెనని ఊరూర చెప్పుకొందురు. ఇది గౌరవమువలె కానవచ్చును, కొంతవఱకు గౌరవమే. కాని మంచి చేయి యన్న నమ్మకమునకు చెడ్డచేయి యన్న నింద నీడవంటిది. ఒక్క మరణము జరిగినదా, పది సంవత్సరముల చలువ ఒక పూటలో ఆఱిపోవును. ప్రసవానంతరము గర్భాశయము ముడుచుకొనక రక్తము వఱదవలె పోవుటకు కారణము చేతిలో లేదు. ఏ అపాయసూచనయు లేని సుఖప్రసవము తరువాతకూడ అది సంభవింపవచ్చును. ఈ సంగతి నర్సు ఎఱుగును. ఎఱిగియు, ఆ రాత్రి పడుకొని, ఇంజెక్షను ఏ నిముసమున ఇచ్చితిని, రక్తముకొఱకు చీటి ఏ నిముసమున పంపితిని అని వ్రేళ్ళమీద లెక్కించుకొనును. ఊరు వేయు నింద యొకటి, తాను వేసికొను నింద యొకటి. రెండవది దీర్ఘకాలము నిలుచును.

నింద మాటలతో ఆగని దినములు వచ్చినవి. 2022 మార్చిలో రాజస్థానమున దౌసా జిల్లాలోని లాల్‌సోట్ పట్టణమున, కాన్పు పిమ్మట రక్తస్రావముచే ఒక తల్లి మరణించినది. బంధువులు శవముతో బైఠాయించిరి. కాన్పు చేసిన వైద్యురాలిపై హత్యానేరము నమోదైనది. మఱునాడు ఆ వైద్యురాలు ప్రాణము తీసికొన్నది. ఆమె మంత్రసాని కాదు, పట్టభద్రురాలైన వైద్యురాలు. భర్తయు వైద్యుడే, ఆసుపత్రియు వారిదే. అంతటి స్థితిగల స్త్రీయే ఆ భారమును మోయలేకపోయినపుడు, ఒప్పందపు జీతముపై పనిచేయుచు, మాట చెల్లని చిన్న నర్సు మాట యేమి? ఆప్తులను పోగొట్టుకొన్నవారి కడుపుకోత మేమెఱుగనిది కాదు. విచారణ వలదని మేమనుట లేదు. నిర్లక్ష్యము వేఱు, విపత్తు వేఱు. ఈ రెంటిని వేఱుచేయు విచారణ కావలెను. మాతృమరణములను సమీక్షించు పద్ధతిని భారతప్రభుత్వము 2010లో ఏర్పఱచి 2017లో విస్తరించినది. తప్పెవరిదని కాక లోపమెచ్చటనని తెలిసికొనుటయే దాని యుద్దేశము. ఉద్దేశము ఉత్తమమైనది. కాని జిల్లా అధికారి యెదుట నిలువబెట్టి గద్దించినచోట సమీక్ష సంజాయిషీగా మాఱును. ఆ దినమునుండి కాగితములు జాగ్రత్తగ వ్రాయబడును, నిజము మాత్రము లోన దాగును.

పాఠకులలో పెక్కురకు ఈపాటికి ఒక ప్రత్యుత్తరము నోటిదాక వచ్చియుండును. మీరు చెప్పు దయామూర్తులు మాకు కనబడలేదే! మా పిల్లను నొప్పులలో కసరుకొన్నారు, కేకలు వేసినారు, చేయికూడ చేసికొన్నారు అని. ఈ ఫిర్యాదు నిజమైనది. పేదరాండ్ర యెడల ఈ కఠినత్వము మఱింత హెచ్చు. దీనిని మేము సమర్థింపము. నొప్పులు పడుచున్న స్త్రీపై చేయి యెత్తుటకు ఏ యలసటయు సాకు కానేరదు. ఐనను కారణము వెదకక దండించినంతమాత్రమున ఈ రోగము కుదురదు. శిక్షణకు వచ్చిన మొదటి నెలలలో ప్రతి మరణమునకు ఏడ్చిన పిల్లయే కొన్ని యేండ్లకు రాయియగుచున్నది. ఏడ్చుటకు చోటులేని మనస్సు తనకుతాను పెంకు కట్టుకొనును. ఆ పెంకు దుఃఖమును లోనికి రానీయదు, దయను వెలికి పోనీయదు. మన మెఱిగిన కసరుకొను నర్సు, ఎవరును ఎఱుగని ఏడ్చు నర్సు ఒక్కరే యని మా యభిప్రాయము.

ఇది మా యూహ మాత్రమే కాదు. కొన్ని దేశములందు ఈ బాధను కొలిచి చూచిరి. బ్రిటనులో ఘోరమైన కాన్పులను చూచిన 421మంది మిడ్‌వైఫులను ప్రశ్నించి 2015లో ప్రకటించిన పరిశోధనలో, మూడవవంతుమందికి యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులలో కానవచ్చునట్టి మనోవ్యాధి లక్షణములు కనబడినవి: పీడకలలు, ఉలికిపాటు, ఆ గదివైపు పోవుటకు భయము. ఆస్ట్రేలియాలో 2017లో ప్రకటింపబడిన మఱొక పరిశోధన ఇంకను విచారింపదగినది. అచ్చటి మిడ్‌వైఫులలో మూడింట రెండువంతులమంది తమ మనస్సును గాయపఱచినదిగ చెప్పినవానిలో, తమ కన్నులయెదుట తల్లికి జరిగిన అనాదరము ప్రధానమైనది. అనగా రక్తమును చూచుటయొక్కటే కాదు, అన్యాయమును చూచి నోరెత్తలేకపోవుటయు గుండెను కోయును. మన ప్రభుత్వముల మాసనివేదికలలో తల్లుల లెక్కకు గడి కలదు, శిశువుల లెక్కకు గడి కలదు. ఈ లెక్కకు గడి లేదు.

ఇంగ్లండులో 1902 నాటి చట్టము మిడ్‌వైఫులపై పర్యవేక్షణను నెలకొల్పినది. అది వారిని కాచుటకంటె కావలి కాయుటకే యెక్కువ యుపయోగపడెనన్న విమర్శ యుండెను. 2017లో ఆ శాసనబద్ధమైన పర్యవేక్షణను తొలగించి, దానికి మాఱుగ మిడ్‌వైఫుల పక్షమున నిలిచి వారితో కూర్చుండి మాటలాడు అనుభవజ్ఞురాండ్రను నియమించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. అచ్చటి కష్టములు దానితో తీరినవని కాదు. కాని మాటలాడుకొనుటకు కేటాయించిన గంట పనిలో భాగమే కాని పనియెగవేత కాదని వారొప్పుకొనిరి. అది చిన్న సంగతి కాదు.

మనము మన మంత్రసాని నెట్లు చూచితిమి? మంగలి కులపు స్త్రీలును దళితస్త్రీలును ఈ పనిని వంశపారంపర్యముగ చేసిరి. అర్ధరాత్రి తలుపు తట్టి పిలుచుకొనివచ్చి, ఆమె చేతులలో ఇంటి యాడపడుచు ప్రాణమునుంచి, బిడ్డ పుట్టినపిమ్మట పురిటిమైల పేర ఆమెను గడప వెలుపల నిలిపి, పాతకోకయు కుంచెడు ధాన్యమును ఇచ్చి పంపితిమి. భూస్వాముల యిండ్లలో జరిగిన ఈ మర్యాదను మన పాఠకులలో పెద్దవారు మఱచియుండరు. దొరతనమువారు మఱొక విధముగ చూచిరి. 1903లో లేడీ కర్జను చొరవతో ఏర్పడిన విక్టోరియా స్మారకనిధి నాటుమంత్రసానులకు శిక్షణ నీయనుద్దేశించినది. 1926లో మద్రాసు శాసనసభ నర్సుల మంత్రసానుల చట్టమును చేసినది. ఇవి మేలైన పనులే. కాని 1927లో మిస్ మేయో వ్రాసిన గ్రంథమున మంత్రసాని మురికికిని అజ్ఞానమునకును ప్రతిమగ నిలిచినది. ఆ గ్రంథమును దేశమంతయు ఖండించినది, ఖండింపదగినదే. ఖండించిన మనము దేశగౌరవమును కాపాడుకొంటిమి; మంత్రసాని గౌరవమును మాత్రము ఉన్నచోటనే యుంచితిమి. ఆ కాలముననే గుంటూరున డాక్టరు అన్నా కుగ్లరు 1898లో తెఱచిన స్త్రీశిశువైద్యశాల వంటివి, గౌరవముతోడను శిక్షణతోడను ఈ వృత్తి యెట్లుండవచ్చునో చూపినవి.

స్వరాజ్యము వచ్చినపిమ్మట ఏ.ఎన్.ఎం. వచ్చినది. ఐతే 1973లో కర్తార్ సింగ్ సంఘపు సిఫారసు ననుసరించి ఆమెను బహుళప్రయోజన కార్యకర్తగ మార్చిరి. టీకాలు, కుటుంబనియంత్రణ, జ్వరములు, రిజిస్టరులు, ఇపుడు సెల్లుఫోనులో ఎక్కింపవలసిన పట్టికలు అన్నియు ఆమె తలమీద చేరినవి. కాన్పు చేయు చేయి కలము పట్టినది. మైదానమున అయిదు వేలమందికి, కొండప్రాంతమున మూడు వేలమందికి ఒక ఉపకేంద్రమని లెక్క. కాగితముమీద కొండవారికి తక్కువ భారమే. కాని మన్యమున రోడ్డులేని గూడెములనుండి చూలాలిని డోలీలో మోసికొని దిగవలసి వచ్చునపుడు ఆ లెక్కకు అర్థములేదు. రక్తహీనతతో తెల్లబాఱిన చూలాలిని ముందుగ ఆసుపత్రిలో చేరుమని ఏ.ఎన్.ఎం. మూడుమార్లు కొండయెక్కి బ్రతిమాలును. ఇంటివారు వినరు, విననందుకు వారి కారణములు వారికి కలవు, కూలి పోవును, చిన్నపిల్లలను చూచువారుండరు. తీరా నొప్పులు వచ్చి దారిలో ప్రాణము పోయిన, ఎందులకు చేర్పింపలేదని ప్రశ్న వచ్చునది ఆమెకే. బలవంతము చేయు నధికారము లేదు, జరిగినదానికి బాధ్యత మాత్రము కలదు. అధికారములేని బాధ్యత మనిషిని ఎంత త్వరగ కృశింపజేయునో, కరణీకములు మునసబీలు ఎఱిగిన కుటుంబములకు మేము చెప్పనక్కఱలేదు.

ఈ దిశయందు ఒక మంచి ప్రయత్నము మన నేలమీదనే మొదలైనది. 2017లో తెలంగాణ ప్రభుత్వము, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థయు యూనిసెఫును తోడుగ, నర్సులకు పదునెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణను కరీంనగరమున ఆరంభించినది. 2018 డిసెంబరున భారతప్రభుత్వము దేశమంతటికి మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకములను ప్రకటించినది. వీనియందలి ముఖ్యమైన సంగతి, మామూలు కాన్పును మిడ్‌వైఫు తన నిర్ణయముతో నడుపుటయు, కష్టము కానవచ్చినపుడు వైద్యునితో సమానముగ కూర్చుండి మాటలాడుటయు. చూలాలిని తొలినెలలనుండి ఎఱిగిన మిడ్‌వైఫు దుఃఖసమయమున పరాయిది కాదు. దుఃఖము తగ్గదు గాని, దానికొక పేరు, ఒక మొగము, ఒక వీడ్కోలు ఉండును. ఊరుపేరులేని శవమును రిజిస్టరులో ఎక్కించి ప్రక్కమంచమునకు పోవుటకంటె అది మనుష్యులకు తగిన పని.

ఈ మాటలన్నియు నర్సుల మేలుకై మాత్రమే చెప్పుటలేదు. 2019–21 పరిశీలనము ప్రకారము తెలంగాణమున నూటికి 60కి పైగా కాన్పులు కడుపు కోసి చేసినవి. ఆంధ్రప్రదేశమున నూటికి 42. దేశపు సగటు నూటికి 21. దీనికి కారణములు పెక్కులు. డబ్బొకటి. నొప్పులకు జంకుట యొకటి. పంచాంగము చూచి ముహూర్తము పెట్టించుకొని కత్తి పట్టించు మన చదువుకొన్నవారి వింత భక్తి యొకటి. పదింటికి ముందు తీయుడు, రాహుకాలము దాటిన పిమ్మట తీయుడు అని నర్సుతో వాదించువారిని చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. వీని నడుమ భయము కూడ ఒకటి యని మఱవరాదు. ఓపికతో గంటలకొలది కాచుకొనియుండుటకు ధైర్యము కావలెను. ఏమైన జరిగినచో నన్ను నిలువనీయరన్న భయము గుండెలో నున్న స్త్రీ కాచుకొనలేదు. త్వరగ పైయాసుపత్రికి పంపివేయును, లేదా త్వరగ కత్తికి ఒప్పగించును. ఆమె గుండెదిటవు తగ్గినకొలది మన కూతుండ్ర కడుపులమీద గాట్లు పెరుగును.

చేయవలసినవి మహాకార్యములు కావు. ప్రసవశాలలో తగినంతమంది నర్సు లుండవలెను; ఇది మొదటిది, దీనికి ప్రత్యామ్నాయము లేదు. తల్లియో బిడ్డయో పోయిన రాత్రి ఆ మంచమువద్ద నిలిచినదానిని మఱుక్షణమే మఱొక కష్టమైన కాన్పునకు పంపక, ఒక గంటయైనను ఊపిరి పీల్చుకొననీయవలెను. ఆమెతో మాటలాడునది పైయధికారి కాక, ఈ పనిలో తల నెఱసిన తోడి నర్సు కావలెను. ఆ మాటలు ఏ ఫైలునకును ఎక్కరాదు. మరణసమీక్షకు పిలిచినపుడు ఆమెకు కుర్చీ వేయవలెను. కడుపులో పోయిన బిడ్డను కనవలసిన తల్లికి, కేకలు పెట్టు పసిబిడ్డలకు ఎడముగ ఒక గది చూపవలెను. అది తల్లికెంత యవసరమో నర్సునకును అంతే యవసరము. కుటుంబములవారు తమ యబద్ధములను నర్సుచేత చెప్పింపక, చెప్పవలసిన మాటను తామే, ఆమెను ప్రక్కన నుంచుకొని చెప్పవలెను.

ఆసుపత్రుల అభివృద్ధిసంఘములలో మన పాఠకులు కొందఱు సభ్యులు. ఆ సభలలో ప్రహరీగోడ, పంకాలు, నీటితొట్టి, శిలాఫలకముపై ఎవరి పేరు ముందుండవలెనన్న ప్రశ్న సవిస్తరముగ చర్చింపబడును. రాబోవు సభలో ఇంకొక ప్రశ్న వేయుడని మా మనవి: గడచిన మూడు నెలలలో ఈ ప్రసవశాలయందు ఎన్ని మరణములు జరిగినవి, ఆయా రాత్రులు డ్యూటీలో నున్న నర్సులు మఱునాడు ఎచ్చట నున్నారు, వారితో ఎవరు మాటలాడిరి? సమాధానమును మినిట్సులో వ్రాయింపుడు.